ఆదెమ్మ పేరు పక్కన పచ్చదీపం

చాంద్ పాషా కూతురు ఫరహాకు కుదురు లేదన్న సంగతి సారపాకలో అందరికీ తెలుసు. కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంటుంది. నిలబడ్డా చూపు వీధిలోనే ఉంటుంది. అన్నం తింటూ తింటూ లేచి వెళ్ళి కిటికీ మూసి వస్తుంది, రెండు ముద్దలు తిని మళ్ళీ వెళ్ళి తెరిచి వస్తుంది. "దీని అరికాళ్ళ కింద నిప్పులున్నయో ఏందో" అని తల్లి మహబూబీ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. కాలుగాలిన పిల్లికి కూడా తగిన కొలువు ఒకటి ఈ లోకంలో పుడుతుందని ఎవరు కలగన్నారు? పుట్టింది. కాగితం మిల్లు గేటుకు కాస్త అవతల, పాషా నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్‌లోనే పుట్టింది.

టైపు నేర్చుకునేవాళ్ళు కరువై, ఆ మిషన్లు పాత ఇనుము కొట్టుకు పోయాక వాటి చోట మూడు కంప్యూటర్లు వచ్చాయి. బోర్డు మీద పాత పేరు కొట్టేసి 'ఫరహా నెట్ సెంటర్' అని రాయించాడు పాషా. తాను గుమ్మం దగ్గర జిరాక్సు మిషను పట్టుకుని, లోపలి గది కూతురికి అప్పగించాడు. రెండువేల ఏడు, ఎనిమిది నాటి మాట ఇది. అప్పటికి సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ అడవి దారి పడితే వాటికి సిగ్నల్ ఉండేది కాదు, గల్ఫుకు ఫోను కొట్టే తాహతు అందరికీ లేదు. చాటింగు ఒక్కటే చవక. అందులోనూ తిరకాసు ఉంది. ఒకరిది యాహూ, ఒకరిది ఎమ్మెస్సెన్, ఇంకొకరిది జీటాక్. ఒకదానిలో ఉన్నవాడు ఇంకొకదానిలో ఉన్నవాడికి కనపడడు. అవన్నీ తెచ్చి ఆ ముసలి కంప్యూటర్లలో ఎక్కిస్తే అవి గుడ్లు తేలేసేవి.

అలాంటప్పుడు ఫరహా ఒక సైటు పట్టింది. దానితో ఏదీ ఎక్కించుకునే పని లేదు. మామూలు పేజీ తెరిచినట్టే తెరిచి, ఎవరెవరి అకౌంట్లు కావాలంటే అవన్నీ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టుకోవచ్చు. ఒక విండోలో మస్కట్, ఒక విండోలో జెద్దా, ఒక విండోలో పూణె. ఒకటి మెరుస్తుంటే ఇంకొకటి మోగుతుంది, దానికి జవాబు కొట్టేలోపు మూడోది మెరుస్తుంది. కుదురులేని పిల్లకు ఇంతకంటే ఏం కావాలి? పొద్దున వచ్చి కూర్చుంటే మిల్లు సాయంత్రం కూత వేసేదాకా లేచేది కాదు. పాషా తన కళ్ళను తానే నమ్మలేకపోయాడు.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి చదువు రాదు. వాళ్ళ ఐడీలు తనే తయారుచేసింది, పాస్‌వర్డులు తనే పెట్టింది, అన్నీ బుర్రలోనే దాచుకుంది. వాళ్ళు వచ్చి పక్క స్టూలు మీద కూర్చుని మాట చెబితే, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొట్టి పంపేది. జవాబు వస్తే చదివి వినిపించేది. లాగిన్ కావడానికి ఆ నత్తనడక లైనులో కుక్కర్ విజిల్ వేసేంత సేపు పట్టేది కాబట్టి, పొద్దున్నే అందరి అకౌంట్లూ ఒకేసారి తెరిచి, దుకాణం మూసేదాకా అలాగే ఉంచేది. దాంతో అవతల దేశంలో ఉన్నవాడికి ఇక్కడి భార్య పేరు పక్కన, తండ్రి పేరు పక్కన పగలంతా పచ్చదీపం వెలుగుతూ కనిపించేది. ఆ భార్య పొలంలో ఉండేది, ఆ తండ్రి ఎక్కడో మేకల వెంట తిరిగేవాడు. ఈ పద్ధతే చివరికి కొంప ముంచింది. అయితే మునిగేదాకా అది మునిగే కొంప అని ఎవరికి తెలుస్తుంది?

మొదట్లో ఫరహా ఉన్నది ఉన్నట్టే కొట్టేది. తండా నుంచి వచ్చే మోతీలాల్‌తో ఆ నియమం పోయింది. ఆయన అల్లుడు పూణెలో డ్రైవరు. "వానికి చెప్పు బేటీ, వాడు ఒట్టి గాడిద. నా బిడ్డను సంక్రాంతికి పంపలే, ఉగాదికి పంపలే" అన్నాడు ఆయన. ఫరహా కాసేపు ఆలోచించి, "అల్లుడు గారూ, మీరు పనిమంతులు. వీలు చూసుకుని బిడ్డను ఒకసారి పంపండి" అని కొట్టింది. వారం తిరగకుండా కూతురు బస్సు దిగింది. మోతీలాల్ తన తిట్టు పనిచేసిందనుకుని, దుకాణం ముందు మీసం దువ్వుకుంటూ తిరిగాడు. ఆ రోజు నుంచి ఫరహా వేళ్ళకు అదుపు లేకుండా పోయింది. మాటలకు కాస్త పోపు పెడితే తప్పేమిటి అనుకుంది. అనుకోకూడదు గానీ, మనలో ఎవరమైనా అలాగే అనుకుంటాం.

ఇంక ఆదెమ్మ సంగతి. ఆదెమ్మ ఊరు తాటిమడుగు గుంపు. ఆటో ఆగిన చోటు నుంచి అడవిలో చాలా దూరం నడవాల్సిన కోయగూడెం. ముప్పై దాటిన మనిషి, పిల్లల తల్లి, సన్నగా, వెదురుబద్దలా ఉంటుంది. సంత రోజు చీపుర్లో, అడ్డాకులో తెచ్చి అమ్ముకుని, అవి అయిపోయాక నెట్ సెంటరుకు వచ్చేది. ఆమె భర్త జంపయ్య ఆశ్రమ పాఠశాలలో పది దాకా చదివి, ఏజెంటును పట్టుకుని మస్కట్ వెళ్ళాడు. అక్కడ ఒక ఆఫీసులో చాయ్ పెట్టే పని. ఆ ఆఫీసు కంప్యూటర్లలో మెసెంజర్లు నడవకుండా కట్టేశారు. ఈ సైటు మాత్రం నడుస్తుందని అతనికి కనిపెట్టి చెప్పింది ఫరహానే. మధ్యాహ్నం సాబు కునుకు తీసే వేళ, మనకు మూడున్నర దాటాక, జంపయ్య ఆన్‌లైన్ వచ్చేవాడు.

అంతటి మొగుడు అంత దూరం నుంచి వస్తే ఆదెమ్మ చెప్పేది మూడు ముక్కలు. "మంచిగున్న. మేక రెండు పిల్లలేసింది. జొన్న కోసినం." అంతే, గంప చంకన పెట్టుకుని లేచేది.

"ఇంకేమన్న చెప్పక్కా" అని ఫరహా బతిమాలేది.

"ఇంకేముంది చెల్లె? ఉన్నది చెప్పిన."

ఫరహాకు ప్రాణం ఉసూరుమనేది. వారమంతా ఎదురుచూసిన మనిషికి మేకపిల్లల కబురా? ఒకనాడు ఉండబట్టలేక మేకపిల్లల తర్వాత ఇంకో మాట చేర్చింది. 'నువ్వు యాదికొస్తున్నవ్' అని. అవతలి నుంచి మెల్లగా ఒక వాక్యం వచ్చింది. 'నిజంగ అన్నదా మేడం? పెండ్లైన కాంచి ఒక్కసారి అనలే.' ఫరహా పక్కకు చూసింది. ఆదెమ్మ గంపలో మిగిలిన చీపుళ్ళు సర్దుకుంటోంది. 'అవ్, అన్నది' అని కొట్టింది ఫరహా. కొట్టాక గుండె దడదడలాడింది. ఆ దడ ఆమెకు బాగా నచ్చింది, అదీ అసలు రోగం.

దీపావళి వెళ్ళిన కొత్తలో, సంత కాని ఒక రోజు, ఆదెమ్మ విండో మెరిసింది. 'ఆదీ, ఇయ్యాల సంత కాదు గద. దీపం వెలుగుతున్నది. వచ్చినవా?'

ఆదెమ్మ లేదు, అకౌంటు మాత్రమే తెరిచి ఉంది అని కొడితే గొడవ వదిలిపోయేది. ఫరహాకూ సొంత ఐడీ ఒకటుంది. దానిలో ఉన్నది ఒకే పేరు, డిగ్రీలో తనతో చదివిన వనజ. హైదరాబాదుకు పెళ్ళై వెళ్ళినప్పటి నుంచి వనజ పేరు బూడిదరంగులోనే ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పదిమంది మాటలు కొట్టే ఈ పిల్లను 'వచ్చినవా' అని అడిగే మనిషి ఒక్కరూ లేరు. ఆ మాట తనను అడిగితే ఎలా ఉండేదో అన్న ఆశ, ఒక్క క్షణం. 'అవ్. నీ కోసమే వచ్చిన' అని కొట్టేసింది.

అక్కడి నుంచి మొదలయ్యాయి తిప్పలు. జంపయ్య రోజూ రావడం మొదలుపెట్టాడు. భార్య తన కోసం అడవి దాటి రోజూ టౌనుకు వస్తోందని నమ్మాడు. 'ఎట్ల వస్తున్నవ్, కాళ్ళు నొస్తలేవా' అని అడిగితే ఫరహా ఒక ఆటోను పుట్టించింది. 'పని ఎవలు చూస్తున్నరు' అంటే ఒక పక్కింటామెను పుట్టించింది. ఒక అబద్ధానికి కాపలా పెట్టిన ఇంకో అబద్ధానికి జ్వరం వస్తే, మూడోదాన్ని దవాఖానాకు తోలినట్టు ఉండేది ఆమె పని.

సంత రోజు వచ్చిందంటే ఇంకా గడబిడ. అసలు ఆదెమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. అవతల నుంచి జంపయ్య, 'మొన్న దగ్గు అన్నవ్, తగ్గిందా?' అంటాడు. దగ్గు ఫరహాది.

"ఏమంటుండు?" అని ఆదెమ్మ అడిగేది.

"అంతా మంచిదేనా అంటుండు అక్కా."

"మంచిదే అను."

ఫరహా 'తగ్గింది' అని కొట్టేది. ఇటు మాట అటు మార్చి, అటు మాట ఇటు మార్చి, ఆదెమ్మ లేచి వెళ్ళేసరికి రవిక వీపు తడిసిపోయేది. వెళ్ళాక హమ్మయ్య అనుకోవాలా? లేదు. మర్నాడు మూడున్నర ఎప్పుడవుతుందా అని గోడ గడియారం వైపు చూసేది. "ఎవరి కోసమే ఈ ఆత్రం?" అని మహబూబీ ఒకసారి సూటిగానే అడిగింది. "గిరాకీ అమ్మీ, గిరాకీ" అంటూ తప్పించుకుంది. నిజానికి ఆమె జంపయ్య కోసం ఆత్రపడలేదు. అతని మొహం కూడా ఆమెకు తెలియదు. ఆ దీపం చూసి ఒక మనిషి సంతోషంతో పరుగెత్తుకొస్తాడే, ఆ రాక కోసం పడింది. అది మరీ అన్యాయం, ఎందుకంటే ఆ దీపం ఆమెది కాదు.

ఎండలు ముదిరాయి. ఇప్పపువ్వు రాలే రోజులు వచ్చాయి. ఒక సంతకు వచ్చిన ఆదెమ్మ, "ఇగ పువ్వు ఏరుడు పని, రెండు సంతలకు నేను రాను. మామిడి పండుగ పున్నానికి పెట్టిన్రు. ఆయనకు గది చెప్పు" అంది. ఆ వేళకే మోతీలాల్ అల్లుడి విండో ఒక వైపు, మిలిటరీలో ఉన్న భర్త కోసం శ్యామల టీచరు తెరిపించిన విండో ఇంకో వైపు మెరుస్తున్నాయి. ఫరహా ఆ మాట కొట్టింది, పంపింది, ఇంకో విండోలోకి దూకింది. చేతులకు తెలిసిందే గానీ మనసుకు ఎక్కలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం జంపయ్య వచ్చాడు. ఈసారి కుశలం అడగలేదు.

'ఆదీ, పువ్వు ఏరుడుంది రానంటివి, దీపం చూస్తే వచ్చినవ్. మంచిదైంది. సాబు కాగితం బల్ల మీద పెట్టిండు. సంతకం పెడితే ఇంకో రెండేండ్లు ఈడనే. పెట్టకుంటే వచ్చే నెల ఇంటికి. సాయంత్రం లోపల చెప్పాలె. నువ్వే చెప్పు. నువ్వు రమ్మంటే వస్త, ఉండమంటే ఉంట.'

ఫరహా లేచి నిలబడింది. గుమ్మం దాకా వెళ్ళింది. పాషా ఎవరిదో రేషన్ కార్డు జిరాక్సు తీస్తున్నాడు. తిరిగి వచ్చి కూర్చుంది, మళ్ళీ లేచి కూజాలో నీళ్ళు తాగింది. 'రేపటిదాకా ఆగరాదా' అని కొట్టింది. 'ఆగరు' అని వచ్చింది. ఆదెమ్మ ఎక్కడో అడవిలో పువ్వు ఏరుతోంది. కబురు పంపే దారి లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. ఆదెమ్మే ఉంటే ఏమనేది? ఏ ఆడమనిషి అయినా ఏమంటుంది? రమ్మనే అంటుంది. అంతకంటే ఆలోచించేదేముంది? ఇలా తనకు తానే సర్దిచెప్పుకుని 'రా' అని కొట్టింది.

'నిజంగనా?' అన్నాడు.

'నిజంగ.'

నవ్వు బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. అక్కడితో ఆగి ఉంటే జంపయ్య వచ్చే నెలకు ఇంట్లో ఉండేవాడు, ఈ కథే ఉండేది కాదు. ఆగితే ఆమె ఫరహా ఎందుకవుతుంది? ఆ మధ్యాహ్నమే మహబూబీ మామిడికాయ పప్పు చేసింది. నాలుక మీద ఆ పులుపు ఇంకా ఉంది. వట్టి 'రా' అంటే బోడిగా ఉందనిపించి పోపు వేసింది. 'ఇయ్యాల మామిడికాయ పప్పు చేసిన. మొదటి ముద్ద నోట్ల పెట్టుకుంటే నువ్వే యాదికొచ్చినవ్. కాయ పండయ్యే లోపల రా.'

నవ్వు బొమ్మలు ఆగిపోయాయి. 'కాయ తిన్నవా?' అని వచ్చింది.

'తిన్న. మస్తు పులుపున్నది.'

'పండుగ పున్నానికి అని చెప్పినవ్. పున్నం ఇంకా రాలే గద.'

ఫరహాకు ఆ మాట ఎక్కడో విన్నట్టు లీలగా అనిపించింది. అప్పుడైనా నోరు మూసుకుందా? లేదు. ఏదో చిన్న అలక అనుకుని, టౌను పిల్ల అనే మాటే అంది. 'ఒక్క కాయకేమైతది?'

ఈసారి జవాబులు ఒకటి వెంట ఒకటి వచ్చాయి.

'దేవతకు పెట్టకముందే నోట్ల పెట్టుకున్నవా.'

'పిల్లలకు గూడ పెట్టినవా.'

'రోజు టౌనుకు తిరిగి గిట్లయినవా. నా కోసం తిరుగుతున్నవనుకున్న. నాలుగు మాటలు నేర్చినవ్, మన తొవ్వ మర్చినవ్.'

'రాను. సంతకం పెడుతున్న.'

ఆ పక్కన అతని దీపం బూడిదరంగు తిరిగింది. ఫరహా 'ఆగు' అని కొట్టింది. 'నేను చెప్పేది విను' అని కొట్టింది. 'హలో' అని ఎన్నిసార్లు కొట్టిందో ఆమెకే తెలియదు. మిగిలిన విండోలన్నీ మెరుస్తూనే ఉన్నాయి. శ్యామల టీచరు భర్త 'ఉన్నవా, ఉన్నవా' అంటూనే ఉన్నాడు. ఆ రోజు ఫరహా ఎవరికీ జవాబు కొట్టలేదు.

ఆ రాత్రి, మర్నాడు ఆమె పడిన యాతన చెప్పనలవి కాదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఇంట్లో తిరిగింది. మహబూబీ మళ్ళీ మామిడికాయ పప్పు వడ్డిస్తే కంచం పక్కకు నెట్టింది. చెప్పకపోతే? ఆదెమ్మకు తెలిసేది ఎట్లా? రెండేళ్ళ దాకా తెలియదు. రెండేళ్ళ తర్వాత మొగుడు వచ్చి, 'పండుగకు ముందే కాయ తిన్న మనిషివి నువ్వు' అని గూడెం మధ్యలో అంటే, ఆ మనిషి ఎవరితో చెప్పుకుంటుంది? చేయని తప్పుకు ఆమె తల వంచుకుని నిలబడడం ఫరహా కళ్ళ ముందే కనిపించింది. మర్నాడు మూడున్నరకు చూసింది, దీపం లేదు. ఆ తర్వాతి రోజు పొద్దున్నే చెప్పులు వేసుకుంది.

"యాడికే?" అన్నాడు పాషా.

"గిరాకీ ఇంటికి అబ్బా."

"గిరాకీ దుకాణానికి వస్తది గానీ, దుకాణం గిరాకీ ఇంటికి పోవుడు ఏంది?" అని ఆయన అంటూనే ఉన్నాడు, ఆమె ఆటో ఎక్కేసింది.

ఆటో దిగాక అడవిదారి. మిల్లు వాసన వెనకబడి ఇప్పపువ్వు వాసన మొదలైంది, తియ్యగా, తల తిరిగేలా. గూడెం మొదట్లోనే పెద్ద మామిడిచెట్టు ఒకటి కొమ్మలు నేలను తాకేలా కాసి ఉంది. గాలికి రాలిన కాయలు చెట్టు కింద అక్కడక్కడా పడి ఉన్నాయి. పిల్లలు ఆ కాయల మధ్యనే గోలీలు ఆడుకుంటున్నారు. ఒక్కరూ వంగి ఒక్క కాయ తీయలేదు, కొరకలేదు. గోలీ ఒక కాయకు తగిలి ఆగితే, ఆ కాయను కాలితో మెల్లగా పక్కకు జరిపాడు ఒకడు. ఫరహా చూస్తూ నిలబడిపోయింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకుండానే ఆమెకు అంతా తెలిసిపోయింది. సారపాకలోనైతే ఆ చెట్టు కింద పిందె కూడా మిగలదు.

ఆదెమ్మ గుడిసె ముందు చాప మీద పువ్వు ఎండబోస్తోంది. ఫరహాను చూసి గాభరా పడింది. "ఏంది చెల్లె, ఆయనకేమన్న అయిందా?"

"ఆయనకేం కాలే అక్కా. నేనే చేసిన."

ఆదెమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. ఫరహా ఆ చెంబు చేతిలోనే పట్టుకుని మొత్తం చెప్పేసింది. దీపావళి నుంచి, ఆటో, పక్కింటామె, దగ్గు, కాగితం, కాయ. చెబుతున్నంతసేపూ నీళ్ళు చెంబులోంచి ఒలుకుతూనే ఉన్నాయి. అంతా విన్నాక ఆదెమ్మ ఒకటే అడిగింది.

"నేను కాయ తిన్న అన్ననా?"

"అవ్ అక్కా."

"పండుగ కాకముందు?"

"అవ్."

ఆదెమ్మ చాప మీది పువ్వును చేత్తో ఒకసారి కలియబెట్టింది. "కాయ తిన్నది నువ్వు, పండ్లు పులిసింది నాకు" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఫరహాకు కాస్త నయంగా ఉండేది. "నేను మూడు మాటలు చెప్తే మూడే కొట్టేది ఉండె చెల్లె. నా మాట నీకు తక్కువనిపించిందా?"

ఫరహాకు ఏడుపు వచ్చింది. తక్కువనిపించిందన్నది నిజమే. ఆ నిజం ఒప్పుకోవడానికి మొహం చెల్లక తల వంచుకుంది. ఆదెమ్మ చాప మీద పువ్వును, పిల్లలను పక్కింటి ముసలామెకు అప్పగించి, మంచి చీర కట్టుకుని బయటికి వచ్చింది. "నడువు" అంది. దారి పొడుగునా ఫరహా నాలుగడుగులు ముందుకు ఉరికేది, ఆదెమ్మ తన నడక తాను నడిచేది, మళ్ళీ ఫరహా ఆగేది.

మూడున్నరకు ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. జంపయ్య దీపం లేదు.

"లేడు అక్కా."

"లేకున్నా కొట్టు. నీ పేరుతోటి కొట్టు."

ఆ పేజీలో అన్నాళ్ళుగా అందరి పేర్లతోనూ కొట్టిన ఫరహాకు తన పేరు కొట్టడానికి చెయ్యి రాలేదు. 'నేను ఆదెమ్మ కాదు. నేను ఫరహాను, నెట్ సెంటర్ దాన్ని' అని మొదలుపెట్టింది. సంత రోజు మూడు ముక్కలు తప్ప మిగతావన్నీ తానే రాసినట్టు, కాయ తిన్నది తానేనని, ఆదెమ్మ గూడెంలో పిల్లలు సైతం కాయ ముట్టలేదని, ఆదెమ్మ తప్పు ఆవగింజంతైనా లేదని రాసింది. ఎక్కడా పోపు పెట్టలేదు. పంపి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

దీపం పచ్చగా మారింది. అతను తన దీపం ఆర్పుకుని, దాక్కుని చూస్తూనే ఉన్నాడన్నమాట.

'ఇన్ని దినాలు మాట్లాడింది నువ్వా?'

'నేనే అన్నా.'

'ఇప్పుడు పక్కన ఆదెమ్మ ఉన్నదని నేనెట్ల నమ్మాలె?'

ఫరహా అది చదివి వినిపించింది. ఉన్నది ఉన్నట్టు చదవడం చాలా నెలల తర్వాత అదే మొదటిసారి. ఆదెమ్మ స్టూలు దగ్గరికి లాక్కుంది. తెర వైపు వంగి, మొగుడు ఎదురుగా ఉన్నట్టే, కోయ మాటలో మాట్లాడడం మొదలుపెట్టింది. ఫరహా తెల్లబోయి చూసింది. "కొట్టు" అంది ఆదెమ్మ.

"నాకు అర్థం కాదక్కా."

"అర్థం నీకెందుకు? నోట్లకెల్లి ఏమొస్తే గది కొట్టు."

ఒక్కో శబ్దమే విని ఒక్కో శబ్దమే కొట్టింది ఫరహా. ఎక్కడ మాట ముగుస్తుందో, ఎక్కడ మొదలవుతుందో తెలియదు. చేర్చడానికి లేదు, తీసేయడానికి లేదు. మూడు మాటలే చెబుతుందనుకున్న మనిషి ఆపకుండా చెబుతూనే ఉంది. జవాబులు కూడా కోయలోనే వచ్చాయి. ఫరహా నోరు తిరగక తప్పుతూ చదువుతుంటే ఆదెమ్మ ఒకచోట నవ్వింది, ఇంకోచోట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మిగతా విండోలు మెరిసి మెరిసి ఊరుకున్నాయి. ఫరహా కాలు ఆడడం లేదని గుమ్మం దగ్గరి నుంచి పాషా గమనించాడు.

చివరికి ఆదెమ్మ వెనక్కి ఆనుకుంది.

"నమ్మిండా అక్కా?"

"నమ్మిండు."

"వస్తుండా?"

"సంతకం ఆనాడే పెట్టిండట. ఇగ తీయరాదట." ఆదెమ్మ గంప లేకపోయినా అలవాటుగా చంక దగ్గర చేయి పెట్టుకుంది. "ఇంకో రెండు పండుగలు ఆయన లేకుండనే."

ఫరహా బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. తాను వేసిన పోపు రెండేళ్ళ ఘాటు పెట్టింది మరి, ఎవరు మాత్రం ఓదారుస్తారు? ఆదెమ్మ ఓదార్చలేదు. తిట్టనూ లేదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "చెల్లె, నా పేరు కాడ దీపం నేనొస్తేనే వెలగాలె. నేను లేనప్పుడు ఆర్పెయ్యి" అని చెప్పి ఆటో కోసం వెళ్ళిపోయింది.

ఫరహా మొదట ఆదెమ్మ అకౌంటు మూసింది. తర్వాత మోతీలాల్‌ది మూసింది, శ్యామల టీచరుది మూసింది, ఒక్కొక్కటే అన్నీ మూసింది. మర్నాటి నుంచి మనిషి వచ్చి స్టూలు మీద కూర్చున్నాకే లాగిన్ అయ్యేది. లైను నత్తనడక నడుస్తుంటే, గిరాకీ గొణుగుతుంటే, కాలు ఆడిస్తూ కూర్చునేది. ఇంట్లో మాత్రం మామిడికాయ ముట్టలేదు. "ఇది కొత్త రోగం" అంది మహబూబీ.

పున్నమి వెళ్ళింది. ఆ తర్వాతి సంతకు ఆదెమ్మ వస్తుందని ఫరహాకు నమ్మకం లేదు. మధ్యాహ్నం దాకా గుమ్మానికీ కుర్చీకీ మధ్య తిరుగుతూనే ఉంది. మూడున్నరకు ఆదెమ్మ వచ్చింది. గంపలోంచి రెండు పచ్చి మామిడికాయలు తీసి బల్ల మీద పెట్టింది.

"పండుగైంది. తిను."

ఫరహా ఒకటి కొరికింది. పులుపుకు కళ్ళు మూసుకుపోయాయి. ఆదెమ్మ రెండోది కొరుక్కుంటూ స్టూలు మీద కూర్చుని, అకౌంటు తెరుచుకునేదాకా ఓపిగ్గా ఆగింది. జంపయ్య దీపం అప్పటికే పచ్చగా ఉంది.

"ఇయ్యాల తెలుగులనే కొట్టు" అంది. "పండుగ మంచిగైంది. కాయ తిన్న. పక్కన ఫరహా ఉన్నది, ఆమె గూడ తిన్నది."

ఫరహా చెయ్యి ఆగింది. "నా పేరెందుకక్కా?"

"చెప్పింది కొట్టు. నువ్వేం కలపకు, ఏం తీయకు."

ఫరహా తన పేరు కొట్టింది. అవతల నుంచి వెంటనే జవాబు వచ్చింది. 'ఫరహా మేడం, పులుపున్నదా?'

ఆ విండోలో ఆమెను ఆమె పేరుతో, ఆమె కోసమే ఒకరు అడిగిన మొదటి ప్రశ్న అది. ఫరహా ఆదెమ్మ వైపు చూసింది. ఆదెమ్మ కాయ కొరుకుతూ, కొట్టమన్నట్టు గడ్డం ఎత్తింది.

'అవ్, పులుపున్నది' అని కొట్టింది ఫరహా.